నాప్రోక్సెన్ 250: కీళ్ల నొప్పి తగ్గింది, ముఖం మీద మచ్చలు పడ్డాయి

పిల్లల్లో వచ్చే కీళ్లవాతంతో బాధపడుతున్న మా పదకొండేళ్ల అమ్మాయికి డాక్టరు రాసిన నాప్రోక్సెన్ 250 మిల్లీగ్రాముల మాత్రను ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున ఏడు నెలలు వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

నొప్పి తగ్గించడంలో ఈ మాత్రకు వంక పెట్టలేను. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి యూనిఫాం బొత్తాలు నా చేత పెట్టించుకునే పిల్ల, రెండు వారాలు తిరిగేసరికి నీళ్ల సీసా మూత తనే తిప్పుకుంది. రోజుకు రెండు పూటలతో సరిపోవడం వల్ల బడిలో మాత్ర వేయించాల్సిన అవస్థ కూడా తప్పింది.

అయితే ఎండలు ముదిరాక ముక్కు మీద గోరు తగిలినంత మాత్రానికే చర్మం లేచిపోయి, మానిన చోట ఆటలమ్మ మచ్చలాంటి చిన్న గుంట పడింది. గీరుకుంటోందని పిల్లను కోప్పడ్డాను, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. బుగ్గ మీద మూడో మచ్చ చూశాక డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ముందుగా అడిగింది మందు గురించే. దీన్ని సూడోపార్ఫీరియా అంటారట. ఈ మందు ఎండలోని అతినీలలోహిత ఎ కిరణాలను పీల్చుకోవడం వల్ల చర్మం పెళుసుబారుతుందని, పార్ఫిరిన్లు అనే పదార్థాలు ఒంట్లో పేరుకుపోయి వచ్చే పార్ఫీరియా జబ్బులా కనిపించినా రక్తంలో అవి మామూలుగానే ఉంటాయని ఆయన వివరించారు.

కీళ్లవాతం ఉన్న పిల్లల్లో ఇలాంటి నొప్పి, వాపు తగ్గించే మందులు వాడేవారికి ముఖంపై మచ్చలు పడే ముప్పు ఎక్కువని అమెరికా వైద్యులు 1994లోనే ప్రచురించారు. తెల్లని మేనిఛాయ గలవారికి ఆ ముప్పు మరింత ఎక్కువే గానీ, చామనఛాయ పిల్ల కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదని మా ఇంట్లోనే తెలిసింది. ఇంత పాత సంగతి నాకు తెలియకపోవడానికి, మందుల దుకాణంలో ప్రతిసారీ స్ట్రిప్పు కత్తిరించి ఇవ్వడమే తప్ప సమాచార పత్రం ఒక్కసారీ చేతిలో పెట్టకపోవడం ఒక కారణం.

ఈ అతినీలలోహిత ఎ కిరణాలు కిటికీ అద్దాన్ని దాటి వస్తాయి కాబట్టి బస్సులో అద్దం పక్కన కూర్చున్నా ముఖానికి రక్షణ ఉండదు. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఎ కిరణాలను కూడా ఆపేదేనా అని చూడాలి. మాత్రను మాత్రం డాక్టరును అడగకుండా ఆపకండి, కీళ్ల వాపు తిరగబెడుతుంది.

మాకు మందు మార్చారు. మానేశాక కూడా కొన్ని వారాలు కొత్త గాయాలు రావచ్చని చెప్పారు కాబట్టి, ప్రతి ఆదివారం పిల్లను వరండా వెలుతురులో కూర్చోబెట్టి ముక్కు, బుగ్గలు ఫొటో తీసి పాతవాటితో పోల్చి చూస్తున్నాను. ఇప్పటికి ఆ మూడే ఉన్నాయి.