డిష్, ఐటెం, వంటకం, రకం: మెనూ కార్డు మీద ఏది మేలు?

శుభలేఖలు, మెస్సుల బోర్డులు, క్యాటరింగ్ వాళ్ల మెనూ కార్డులు కంపోజ్ చేసే పని నాది. నెల్లూరులో ముహూర్తాలు మొదలైతే రోజుకొకరైనా ఇదే అడుగుతారు: “అన్నా, పైన డిషెస్ అని కొడతావా, వంటకాలు అని కొడతావా? ఏది బాగుంటాది?” మీ ఇష్టం అని చెప్పి వాళ్లు ఏది అంటే అది కొట్టేవాణ్ణి. మొన్న మాఘమాసంలో మా అక్క కూతురి పెళ్లికి కార్డు నేనే రాసి నేనే వెయ్యాల్సి వచ్చింది. మూడు రోజులు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. చివరికి ఒకటి ఎంచుకున్నాను. ఇకమీదట అడిగినవాళ్లకు కూడా అదే చెబుతాను కాబట్టి, మిగతావి ఎందుకు పక్కన పెట్టానో ఒకసారి రాస్తే మంచిదనిపించింది.

ముందు డిష్ సంగతి. ఇంగ్లీషులో ఈ మాట పుట్టింది తినే వస్తువుకు కాదు, పాత్రకు. లాటిన్ డిస్కస్ నుంచి వచ్చింది. మన సీడీల డిస్కు, బల్లకు చెప్పే డెస్కు, జర్మన్‌లో బల్లకు వాడే టిష్ అన్నీ ఆ కుదురువే. మొదట గుండ్రటి పళ్లెం, ఆ తర్వాత పళ్లెంలో వడ్డించిన తిండి కూడా డిష్షే అయింది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకు ఇందులో తికమక లేదు. భోజనం అయ్యాక డిషెస్ కడగాలి అంటే మనం బోకులు తోమాలి అన్నట్టే. ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు, స్పూన్లు అన్నీ అందులోకే వస్తాయి. అమెరికా వాళ్లు అలా అంటారు, బ్రిటన్ వాళ్లు ఆ పనిని వాషింగ్ అప్ అంటారు. ‘నాకు ఇష్టమైన డిష్’ అంటే మాత్రం తిండి. ఇక బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ప్లేటు ఎవరిది వాళ్లదే. డిష్ అంటే కాస్త లోతుగా ఉండి, బల్ల మధ్యలో అందరికీ అందేలా పెట్టేది. అందులోంచి ఎవరి ప్లేట్లోకి వాళ్లు వడ్డించుకుంటారు.

తెలుగులో పాత్ర పేరు పాత్రదే, తిండి పేరు తిండిదే. గిన్నె గిన్నే, పులుసు పులుసే. ఎంత ఉందో చెప్పాలంటే గిన్నెడు పులుసు, గరిటెడు పప్పు, చెంబెడు మజ్జిగ అంటాం. ఆ చివరి ‘ఎడు’ ఒక్కటి చాలు, మాట్లాడుతున్నది కొలత గురించని ఎవరికైనా తెలిసిపోతుంది. మూడింటికీ మూడు దారులున్న భాషలోకి మూడూ ఒకటిగా కలిసిపోయిన మాటను తెచ్చుకుంటే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

రెండేళ్ల కిందట కావలి వైపు నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్లి మెనూ కార్డు కోసం వచ్చాడు. క్యాటరింగ్ వాళ్లిచ్చిన కొటేషన్ కాగితం చేతిలో ఉంది. అందులో ‘డిషెస్ – 12’ అని ఉంది, కింద పేర్లున్నాయి. నేను వరసగా టైపు చేసుకుంటూ పోతే తొమ్మిది దగ్గర అయిపోయినాయి. “ఇంకో మూడు ఏందో కనుక్కో నాయనా” అన్నాడు. ఫోన్ చేశాను. అవతలి మనిషి చాలా మామూలుగా చెప్పాడు: పన్నెండు అంటే రకాలు కాదంట, బఫేలో కింద మంట పెట్టి పైన మూత వేసే స్టీలు పాత్రలంట. తెల్లన్నానికి రెండు, బిర్యానీకి రెండు, చికెన్‌కి రెండు, మిగతా ఆరింటికీ ఒక్కొక్కటి. ఆయన లెక్క ఆయనకు సరిగ్గానే ఉంది. వాళ్ల మధ్య ఆ పాత్రలను డిషెస్ అనే అంటారు.

పెద్దాయన కుర్చీలోంచి లేవలేదు. కాగితం మడిచి, మళ్లీ విప్పి, “పన్నెండు రకాలని వియ్యంకుడికి చెప్పుకుంటినే” అన్నాడు, అంతే. ఆ సాయంత్రమే ఇంకో మూడు చేర్పించాడు. ప్లేటు రేటు పెరిగితే అది కూడా ఒప్పుకున్నాడు. తప్పు ఎవరిదని నేను తేల్చలేను. రెండు చేతుల మధ్య తిరిగిన కాగితం మీద ఒకే మాట ఒకరికి పాత్రగా, ఒకరికి తిండిగా కనిపించింది. అప్పటినుంచి డబ్బు లెక్కకట్టే కాగితం మీద డిష్ అని చూస్తే, “గిన్నెలా, రకాలా?” అని అడగందే నేను టైపు మొదలుపెట్టను.

ఇంకో సంగతి కూడా ఆలోచించాను. బంతి భోజనంలో ఈ మాట అవసరమే రాలేదు. విస్తరి ముందు కూర్చున్నవాడి దగ్గరికి గిన్నె రాదు, వడ్డించే మనిషి వస్తాడు. బకెట్టు చేత్తో పట్టుకొని “పప్పు, పప్పు” అంటూ వస్తాడు, వెనకాలే ఇంకొకడు “చారు, చారు” అంటూ వస్తాడు. దేని పేరు దానిదే. బఫే వచ్చాక గిన్నెలు వరసగా బల్ల మీదికెక్కి జనం వాటి దగ్గరికి నడిచి వెళ్లడం మొదలైంది. పాత్ర, తిండి ఒకేసారి ఎదురుగా కనిపించేసరికి డిష్ అనే మాట నోటికి అలవాటైంది. అందుకే అది క్యాటరింగ్ వాళ్ల నోట్లో సహజంగా ఉంటుంది, పెళ్లికి వచ్చిన మా చిన్నమ్మ నోట్లో ఉండదు.

ఐటెం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. అందరూ అనేది అదే. “ఎన్ని ఐటమ్స్?” అంటే అర్థం కానివాడు జిల్లాలో లేడు. కొటేషన్ మీద అది నిక్షేపంగా సరిపోతుంది, గిన్నెతో పొరబడే భయం లేదు. కానీ కిరాణా కొట్టు చీటీలో సబ్బులూ ఐటమ్సే, స్టేజీ మీద డాన్సూ ఐటమే. శుభలేఖతో పాటు ఇంటింటికీ పోయే కార్డు మీద ఆ మాట పెట్టడానికి నాకు మనసొప్పదు.

వంటకం చూడటానికి అందంగా ఉంటుంది. పెద్ద అక్షరాల్లో కొడితే ‘వంటకాలు’ అనే మాట ముచ్చటగా కూర్చుంటుంది, చదువుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేదీ ఇదే. దీంతో నాకు రెండు ఇబ్బందులు. మొదటిది, ఇందులో వంట ఉంది. పెళ్లి మెనూ చివరికొచ్చేసరికి పెరుగు, అరటిపండు, ఐస్‌క్రీం, కిళ్లీ ఉంటాయి. మామిడికాయ ఊరగాయ ఉంటుంది. వీటిని ఎవరు వండారు? వంటకాలు అనే శీర్షిక కింద కిళ్లీ కూర్చుంటే కార్డు చదివేవాడు అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. రెండోది ఇంకా పెద్దది. వంటకం అని మనం రాస్తాం, వింటాం, టీవీలో చూస్తాం. ఎదుటి మనిషితో అనం. “ఆ వంటకం ఇంకొంచెం వెయ్యి” అని బంతిలో ఎవరైనా అనగా విన్నారా? పాత నిఘంటువుల్లో వంటకానికి ఉత్త అన్నం అనే అర్థం కూడా ఉంది. అంటే ఒకప్పుడు ఇది ఇంట్లో మాటే. ఇప్పుడు పుస్తకాల్లోకి, వంటల పేజీల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. బోర్డు మీద మాట చదివినవాడు అదే మాటతో సర్వర్ని అడగగలగాలి. కార్డు చూసినామె పక్కింటామెకి అదే మాటతో చెప్పగలగాలి. నేను అక్షరం కొట్టే ముందు దాన్ని ఒకసారి పైకి అని చూసుకుంటాను. “ఎన్ని డిషెస్ చేసుండారు?” “ఎన్ని వంటకాలు చేసుండారు?” “ఎన్ని రకాలు చేసుండారు?” ఈ మూడింట్లో మూడోది ఒక్కటే మా అమ్మ గొంతుతో వినిపిస్తుంది. ఎవరు పెళ్లికి పోయొచ్చినా, చెప్పులు విప్పకముందే ఆమె అడిగే మొదటి ప్రశ్న అదే.

రకం అంటే పప్పు కూడా వస్తుంది, పెరుగు కూడా వస్తుంది, కిళ్లీ కూడా వస్తుంది. గిన్నె మాత్రం రాదు. లెక్కపెట్టుకోవచ్చు. చదువుకున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకేలా అంటారు. అచ్చ తెలుగు అని దీన్ని మెచ్చుకోవడం లేదు, ఎందుకంటే ఇది అచ్చ తెలుగు కాదు. అరబ్బీ రకమ్ ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చింది. అక్కడ దానికి అంకె అని, సొమ్ము అని అర్థాలు. లెక్కతో పుట్టిన మాట కాబట్టే లెక్కలో ఇంత చక్కగా ఒదుగుతుందేమో. డిష్ పరాయిదని కాదు నేను వద్దంటున్నది, వచ్చి ఇన్నేళ్లయినా రెండు అర్థాల్లో దేనికీ కుదురుకోలేదని.

రకానికీ లోటుంది. ఒక్కదాని గురించి చెప్పాల్సి వస్తే అది తేలిపోతుంది. ‘మా మెస్సు ప్రత్యేక రకం’ అంటే బియ్యం గురించో, కోడి గురించో అన్నట్టుంటుంది. చేపల దగ్గర మరీ కష్టం. ‘చేపలు – 4 రకాలు’ అని బోర్డు మీద రాస్తే కొరమీను, బొమ్మిడాయి, వంజరం లాంటి నాలుగు జాతులా, లేక పులుసు, ఇగురు, వేపుడు లాంటి నాలుగు తీర్లా? నెల్లూరులో చేపలు తినేవాడికి ఆ తేడా చిన్న విషయం కాదు. అలాంటి చోట నేను చెప్పేది ఒక్కటే: మొత్తానికి ఒక మాట పెట్టకండి, పేరు రాయండి. ‘నెల్లూరు స్పెషల్ డిష్’ అని పెద్ద అక్షరాలతో ఫ్లెక్సీ వేయించుకున్న చోట కూడా చదివేవాడి కళ్లు వెతికేది కింద చిన్నగా ఉన్న ‘మామిడికాయ వేసిన చేపల పులుసు’నే. దాన్నే పెద్దగా వేస్తే సరిపోతుంది.

సైడ్ డిష్‌ది వేరే కథ. ఇంగ్లీషులో అసలు తిండి పక్కన చిన్నగా పెట్టేది సైడ్ డిష్. మన దగ్గర “చపాతీకి సైడ్ డిష్ ఏంది?” అంటే అది లేకపోతే చపాతీ దిగదు అని. దీనికి మనకు ఎంతో మంచి మాటలున్నాయి. కలుపుకునేది వేరు, నంజుకునేది వేరు. పప్పు కలుపుకుంటాం, వడియం నంజుకుంటాం. సద్దన్నంలోకి ఉల్లిపాయ నంజుకుంటాం. సైడ్ డిష్ అనగానే ఈ రెండూ ఒకే గంపలో పడిపోతాయి. పోయిన ఏడు ఒక మెస్సు బోర్డుకి ‘నంజుకోను’ అని శీర్షిక పెట్టి, కింద అప్పడం, వడియాలు, ఆమ్లెట్, చేప వేపుడు రాశాను. ఆ యజమాని మొదట సందేహించాడు. బోర్డు ఇంకా అలాగే ఉంది.

ప్లేటు జోలికి మాత్రం పోవద్దు. ప్లేటు ఇడ్లీ, ప్లేటు మీల్స్, ప్లేటుకి ఇంత అనే రేటు, ఇవన్నీ స్థిరపడిపోయాయి. కంచం అని మార్చినా, చిత్తూరు వైపు వాళ్లలా తట్ట అన్నా కొలత పోతుంది. పదార్థం బడి పుస్తకాల మాట. రెసిపీ అంటే చేసే విధానం, దాన్ని తినేదానికి వాడటం తప్పే.

డిష్‌ను డిష్‌గానే ఉంచమని నేను చెప్పిన సందర్భం ఒకటుంది. ఉదయగిరి చెక్క సామాన్లకు లేబుళ్లు కావాలని ఒకాయన వచ్చాడు. భౌగోళిక గుర్తింపు ఉన్న పనితనం అది, గరిటెలు, స్పూన్లు, గిన్నెలు చేత్తో చెక్కుతారు. ఒక గిన్నె నా బల్ల మీద పెట్టాడు. అంచు వేలికి నున్నగా తగిలింది, లోపల కొయ్య చార గుండ్రంగా తిరిగింది. ఇంగ్లీషు లేబుల్ మీద ‘సర్వింగ్ డిష్’ అని కొట్టాను, తెలుగు లేబుల్ మీద ‘వడ్డించే గిన్నె’ అని. అక్కడ ఆ మాట తన మొదటి అర్థంలో ఉంది, ఎవరూ పొరబడరు.

మా అక్క కూతురి కార్డు మీద ‘విందులో రకాలు’ అని వేశాను. ప్రూఫు తీసుకెళ్లి అమ్మ చేతిలో పెడితే, కళ్లజోడు సవరించుకొని ఒక్కో పేరు మీద వేలు పెడుతూ కిందిదాకా లెక్కపెట్టింది. “పదహారు రకాలే అయినాయి, ఊరమిరపకాయలు వెయ్యలేదేంది?” అంది. వెనక్కి వచ్చి, పెరుగుకి పైన ఇంకో వరస చేర్చి ప్రింటుకి ఇచ్చాను.