పెగాసస్ విమానాల్లో ఏళ్లుగా తిరుగుతున్నాను: నచ్చినవి, జాగ్రత్తపడాల్సినవి

టర్కీకి వచ్చే మనవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఇక్కడి చవక టికెట్ల విమాన కంపెనీ పెగాసస్ గురించే. "టికెట్ అంత చవకగా ఎలా ఇస్తున్నారు? ధైర్యంగా ఎక్కొచ్చా?" అని. ఎక్కొచ్చు. మాది చీమకుర్తి. గ్రానైట్ ఊరి నుంచి వచ్చి ఇస్తాంబుల్‌లో పాలరాయి ఎగుమతి పనిలో కుదురుకున్నాను. ఇస్తాంబుల్ సగం యూరప్‌లో, సగం ఆసియాలో ఉంటుంది; మా ఇల్లు ఆసియా వైపు, క్వారీలేమో దేశం పడమర వైపున్న ఇజ్మీర్, దెనిజ్లి ఊళ్ల దగ్గర. అందుకని ఈ కంపెనీ విమానాలు నాకు సిటీ బస్సుల్లాగే అలవాటైపోయాయి. ధర ఎందుకు తగ్గుతోందో తెలుసుకుని ఎక్కితే ఇంతకంటే మంచి బేరం ఇక్కడ దొరకదు. అది తెలియకపోతే మాత్రం అడుగడుగునా కోపం వస్తుంది.

పెగాసస్ మొదట ఇలా లేదు. ఐర్లండ్ విమాన సంస్థ ఏర్ లింగస్, ఇద్దరు టర్కీ భాగస్వాములు కలిసి పెట్టిన కంపెనీ ఇది. 1990 ఏప్రిల్‌లో రెండు బోయింగ్ 737-400 విమానాలతో మొదలైంది. సెలవులకు వచ్చే యూరప్ టూరిస్టులను టర్కీ తీరానికి చేర్చే చార్టర్ విమానాలే దాని వ్యాపారం. తర్వాత యాపీ క్రెది బ్యాంకు చేతికి వెళ్లింది. 2005లో ఎసాస్ హోల్డింగ్ అనే టర్కీ వ్యాపార సంస్థ కొన్నాకే దాని దారి మారింది. 2003లో ప్రభుత్వం దేశీయ రూట్లలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చింది. ఆ వీలును వాడుకుని 2005 నవంబర్‌లో పెగాసస్ తక్కువ ధరకు రోజువారీ దేశీయ విమానాలు మొదలుపెట్టింది.

దీని ఫలితం నాకు ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తుంది. తలకు రుమాలు కట్టుకున్న పెద్దమ్మలు మనవల దగ్గరికి వెళ్తుంటారు. సైన్యంలో శిక్షణకు వెళ్లే కుర్రాళ్లు, సెలవులకు ఊరెళ్లే కాలేజీ పిల్లలు పక్క సీట్లలో ఉంటారు. ఒకప్పుడు వీళ్లంతా రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లాల్సినవాళ్లే. ఈ కంపెనీ మీద నాకున్న గౌరవంలో సగం ఇందుకే.

ధరతో పాటు చూసుకోవాల్సింది విమానాశ్రయం. పెగాసస్ కేంద్రం సబీహా గోక్చెన్. ఇది 2001లో తెరుచుకుంది, నగరానికి ఆసియా వైపు ఉంది. 2022 అక్టోబర్‌లో మెట్రో అక్కడిదాకా వచ్చింది కాబట్టి కాదికొయ్‌లో ఎక్కితే నేరుగా టెర్మినల్‌కే చేరతాం. మా వైపు ఉండేవాళ్లకు ఇది వరమే. కానీ యూరప్ వైపున్న తక్సీమ్, సుల్తానహ్మెత్‌లలో హోటల్ తీసుకున్నవాళ్లు మాత్రం టికెట్ ధర ఒక్కటే చూడకూడదు. అంత దూరం రావడానికి పట్టే సమయాన్నీ, టాక్సీ డబ్బునూ కలిపి చూసుకోవాలి. టికెట్ మీద ఎస్.ఎ.డబ్ల్యు. అని ఉంటే సబీహా గోక్చెన్, ఐ.ఎస్.టి. అని ఉంటే యూరప్ వైపున్న కొత్త విమానాశ్రయం. రెండింటినీ తారుమారు చేసుకుంటే ట్రాఫిక్‌లో చిక్కుకుని ఫ్లైట్ పోవడం ఖాయం.

సబీహా గోక్చెన్‌కు చాలా ఏళ్లు ఒకటే రన్‌వే ఉండేది. రెండోది 2023 డిసెంబర్‌లో వచ్చింది. అయినా ఆలస్యాల విషయంలో నా జాగ్రత్త నేను మానలేదు. ఏ కంపెనీ విమానమైనా సరే, ముఖ్యమైన మీటింగ్ ఉన్న రోజు నేను తెల్లవారుజాము ఫ్లైటే పట్టుకుంటాను. ఒకే విమానం రోజంతా ఊరూరూ తిరిగి వస్తుంది కాబట్టి ఉదయం పట్టిన ఆలస్యం సాయంత్రానికి పెరుగుతుంది.

ఇక లగేజీ. అన్నిటికంటే చవకైన టికెట్ కొంటే మీరు కొన్నది సీటు మాత్రమే. బ్యాగ్, నచ్చిన సీటు, తిండి అన్నీ విడిగా కొనుక్కోవాలి. మా పనిలో శాంపిల్ రాళ్లు మోసుకెళ్లడం తప్పదు. పది సెంటీమీటర్ల చదరం, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న పాలరాయి ముక్క ఒక్కటే అర కిలోకు పైన తూగుతుంది. అలాంటివి ఇరవై పెడితే దాదాపు పదకొండు కిలోలు అవుతుంది. అందుకే లగేజీని టికెట్‌తో పాటే ఆన్‌లైన్‌లో కొనేస్తాను, కౌంటర్ దాకా ఆగితే ఎక్కువ కట్టాలి. బ్యాగుల కొలతలు, బరువుల నియమాలు మారుతుంటాయి. పాత ప్రయాణం గుర్తుపెట్టుకుని వెళ్లకుండా మీ టికెట్ మీద రాసింది చదవండి.

తిండి విషయంలో నాకు ఇప్పటికీ ఒక చిన్న అసంతృప్తి ఉంది. ఈ దేశంలో దూరప్రాంతాల బస్సు ఎక్కినా టీ, కేకు చేతికిస్తారు. తివాచీ కొట్టులోకి అడుగుపెట్టినా ముందు టీ వస్తుంది. అలాంటి చోట విమానంలో మంచినీళ్లు కూడా కొనుక్కోవాలంటే మనసు ఒప్పుకోదు. కనీసం నీళ్లయినా ఉచితంగా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఇజ్మీర్‌కు గంట ప్రయాణమే కాబట్టి నేను సెక్యూరిటీ దాటాక బాటిల్ నింపుకుంటాను.

భద్రత గురించి దాచకుండా చెప్పాలి. 2018 జనవరిలో త్రబ్జోన్‌లో దిగిన పెగాసస్ విమానం రన్‌వే పక్కకు జారి, నల్ల సముద్రం ఒడ్డున ఏటవాలు కొండమీద ఆగిపోయింది. అందులో ఉన్న 168 మందీ బతికారు. 2020 ఫిబ్రవరి 5న అంత అదృష్టం లేకపోయింది. సబీహా గోక్చెన్‌లో దిగుతూ రన్‌వే దాటి పడిన విమానం ముక్కలైంది, ముగ్గురు చనిపోయారు. అది ఇజ్మీర్ నుంచి వచ్చిన విమానం, నేను తిరిగే రూటే. ఆ వార్త తర్వాత చాలాకాలం ల్యాండింగ్ అంటే టెన్షన్‌గా ఉండేది. ఏ విమానంలోనైనా పైలట్ దిగబోయి, ఆపి, మళ్లీ పైకి లేపితే కొందరు విసుక్కుంటారు. దయచేసి విసుక్కోకండి. వానలో, వెనకగాలిలో మొండిగా దిగడం కంటే ఇంకో పావుగంట తిరగడం వెయ్యి రెట్లు మేలు.

విమానాలు మాత్రం కొత్తవి. 2012లో ఎయిర్‌బస్ నియో (కొత్తరకం ఇంజన్లున్నవి) విమానాలకు పెట్టిన పెద్ద ఆర్డర్ 2016 నుంచి చేతికి రావడం మొదలైంది. పాత 737లతో పోలిస్తే లోపల శబ్దం బాగా తక్కువ. అయితే ఎ321 నియోలో 239 సీట్లు పెట్టారు. పొడుగు మనుషులు అదనంగా కట్టి అయినా ముందు వరుసో, ఎమర్జెన్సీ తలుపు పక్క వరుసో తీసుకోవాలి. 2024 డిసెంబర్‌లో బోయింగ్ 737-10 విమానాలు 200 వరకు కొనేందుకు ఒప్పందం చేసుకున్నారు, అందులో 100 ఖాయం చేసిన ఆర్డర్లు. 2022 నుంచి కంపెనీని నడుపుతున్నది గులిజ్ ఓజ్‌తుర్క్ అనే మహిళ. టర్కీ విమానయానంలో సీఈవో కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ ఆమె. తొలితరం మహిళా యుద్ధ పైలట్ సబీహా గోక్చెన్ పేరున్న విమానాశ్రయం నుంచి ఆమె ఆధ్వర్యంలో విమానాలు లేవడం నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది.

ఇంటికి వచ్చేటప్పుడు గల్ఫ్ దాకా పెగాసస్‌లో వెళ్లి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు వేరే కంపెనీ టికెట్ తీసుకుంటే డబ్బు మిగులుతుందని కొందరు లెక్క వేస్తారు. రెండూ విడివిడి టికెట్లు. మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఆ నష్టం మీదే. చెక్ఇన్ చేసిన బ్యాగును మధ్యలో తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, ఆ దేశానికి వీసా అవసరమై, మీ దగ్గర లేకపోతే రానివ్వరు. పెద్దవాళ్లనో పిల్లలనో వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఈ పద్ధతి జోలికి పోవద్దు. ఒంటరిగా, చేతిసంచితో వెళ్లేవాళ్లు కూడా రెండు విమానాల మధ్య కనీసం ఒక పూట ఖాళీ పెట్టుకోండి.