11 నెలల అగ్రిమెంటా, రిజిస్టర్డ్ లీజా: అద్దె ఇంటికి ఏది మేలు?

హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా ఇల్లు కుదిరిందంటే మొదట అడ్వాన్సు మాట, ఆ వెంటనే 11 నెలల అగ్రిమెంటు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, జిరాక్సు షాపులో ఎప్పుడూ సిద్ధంగా ఉండే నమూనాలో పేర్లు మార్చి, నోటరీ ముద్ర వేయిస్తే అరగంటలో పని అయిపోతుంది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి మూడేళ్లకు లీజు రాయించుకుందామని అడిగి చూడండి, ఓనరుకు అనుమానం మొదలవుతుంది.

11 నెలలే ఎందుకంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటే లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఒక నెల తగ్గిస్తే ఆ ఖర్చూ తిరుగుడూ తప్పుతాయని దేశమంతా ఈ ఉపాయం పట్టింది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ నిబంధనను సవరించి, గడువు ఎంతైనా సరే స్థిరాస్తి లీజు రాసుకుంటే రిజిస్టరు చేయాల్సిందేనంది. అంటే మన దగ్గర ఆ సందు ఎప్పుడో మూసుకుపోయింది. అలవాటు మాత్రం పోలేదు. నోటరీ ముద్ర పడితే రిజిస్టరు అయినట్టేనని నమ్మేవాళ్లు ఇప్పటికీ బోలెడుమంది.

దీనివల్ల నష్టం ఎవరికి? ఇద్దరికీ. రిజిస్టరు కాని కాగితంలోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ఫలానా ఆయన అద్దెకు ఉంటున్నాడన్న సంగతి వరకే అది పనికొస్తుంది. 2000లో ఆంథోనీ, ఇట్టూప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: రిజిస్టరు కాని లీజు చెల్లకపోయినా, ఇల్లు అప్పగించి అద్దె తీసుకుంటున్నారు కాబట్టి అది నెలవారీ అద్దె కింద లెక్క. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెకు ఎవరైనా 15 రోజుల నోటీసిచ్చి ముగింపు పలకొచ్చు. మీరు కష్టపడి రాయించుకున్న రెండు నెలల నోటీసు, ఓనరు పట్టుబట్టి పెట్టించిన ఆరు నెలల లాకిన్ (అంతవరకు ఖాళీ చేయకూడదనే షరతు), రెండూ గాల్లో దీపాలే.

అద్దె నియంత్రణ చట్టం ఉందిగా అంటారా? 1960 నాటి ఆ చట్టం తెలంగాణలో ఉంది. కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు వర్తించదు. ఆ అద్దెకు హైదరాబాదులో ఇవాళ ఒక్క గది దొరకడమూ గగనమే. కాబట్టి మన రక్షణ మనం రాసుకున్న కాగితంలోనే ఉంది.

ఓనర్ల భయాల్లో పెద్దది 12 ఏళ్ల భయం. ఎక్కువ కాలానికి రాసిస్తే కిరాయిదారు 12 ఏళ్లు పాతుకుపోయి ఇల్లు తనదంటాడని. నిజానికి అద్దెదారుగా ఇంట్లోకి వచ్చినవాడు, అలా ఉన్నంతకాలం, ఓనరు హక్కును కాదనడానికి సాక్ష్యాల చట్టమే ఒప్పుకోదు. అద్దెకే ఇచ్చానని గట్టిగా చూపే రిజిస్టర్డ్ లీజు ఇక్కడ ఓనరుకే కవచం. రెండో భయం పైకి చెప్పరు, ఇన్‌కం ట్యాక్స్. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు అడిగే ఉద్యోగి ఎలాగూ ఓనరు పాన్ నంబరు ఇవ్వాల్సిందే, కాబట్టి ఈ దాపరికం ఎన్నాళ్లో సాగదు.

రిజిస్టర్డ్ లీజులోనూ ఇబ్బందులున్నాయి. స్టాంపు డ్యూటీ, ఫీజు ఉంటాయి, ఇద్దరూ ఆఫీసుకు రావాలి. మధ్యలో ఉద్యోగం బెంగళూరుకు మారితే లాకిన్ షరతు నిజంగానే మెడకు చుట్టుకుంటుంది. ఏడాదిలో ఎక్కడుంటారో తెలియని బ్యాచిలర్లకు 11 నెలలే నయం, దాన్నే రిజిస్టరు చేయించుకుంటే ఇంకా నయం. పిల్లల్ని దగ్గరి బడిలో వేసిన కుటుంబానికి మాత్రం నా ఓటు మూడేళ్ల రిజిస్టర్డ్ లీజుకే: ఏటా ఎంత పెంచాలో అందులోనే ఉంటుంది, ప్రతి వేసవిలో బేరం ఉండదు. దుకాణానికి తీసుకునే మడిగె అయితే రెండో ఆలోచనే వద్దు. లోపల లక్షలు పోసి ఫర్నిచర్ చేయించాక 15 రోజుల నోటీసంటే వ్యాపారం మునిగినట్టే. వట్టి నోటిమాట ఒప్పందం బంధువుల మధ్య కూడా నాకు నచ్చదు.

ఏది రాసుకున్నా గొడవ వచ్చేది అడ్వాన్సు దగ్గరే. హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దె అడుగుతారు, బెంగళూరులో పది నెలలు అడిగే ఆచారం ఉండేది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలలు మించొద్దంటుంది. అయితే అది నమూనాయే, రాష్ట్రం స్వీకరిస్తేనే అమలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో ఒక నెల అద్దె కోయడం మన ఊళ్ల మామూలు. ఆస్తి బదిలీ చట్టం వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలను అద్దెదారు నెత్తిన వేయదు. కానీ పెయింటింగు మీదేనని ఒప్పుకుని సంతకం పెడితే కట్టాల్సిందే, అందుకే ఆ వాక్యాన్ని సంతకానికి ముందే కొట్టేయించండి. గోడకు మేకులు దిగ్గొట్టి పెచ్చులూడదీస్తే మాత్రం ఆ ఖర్చు న్యాయంగా మీదే.

రిపేర్లలోనూ అంతే. ఓనరు చేయించాల్సిన పనిని, నోటీసిచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. ఫోన్లో చెప్పాననడం చాలదు, వాట్సాప్‌లోనైనా రాసి పెట్టండి, బిల్లు దాచండి. అద్దె రాలేదని ఓనరు తాళం మార్చేస్తే మాత్రం ఆర్నెల్లలోపు కోర్టుకెళ్లి మళ్లీ స్వాధీనం పొందే హక్కు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలో ఉంది. అప్పుడు మీరెప్పటి నుంచి ఆ ఇంట్లో ఉంటున్నారో చూపాలి, అందుకని అద్దె చేతికివ్వకుండా బ్యాంకు ద్వారానే పంపండి.