బావోఫెంగ్ యూవీ-5ఆర్ హ్యామ్ రేడియో సెట్, ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, లైసెన్స్ లేనివాళ్ళు ఇది చదివేసి ఆవేశంగా ఆర్డర్ పెట్టకండి. ఇది పిల్లల వాకీటాకీ కాదు, సరదాకి రేడియో మీద మాట్లాడుకునే హ్యామ్‌ల సెట్టు, మన దేశంలో దీని మీద మాట్లాడే బటన్ నొక్కాలంటే ఎగ్జామ్ రాసి, గాలిలో మన పేరులా పనికొచ్చే కాల్‌సైన్ తెచ్చుకోవాలి. నాది రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్స్, అంటే కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది. చుక్కలూ గీతల మోర్స్ కోడ్ పరీక్ష కూడా పాసైన జనరల్ గ్రేడ్ వాళ్ళకి వీయూ2 ఇస్తారు, ఆ పెద్దాయనలు మా ముందు కాస్త కాలర్ ఎగరేస్తుంటారు, ఎగరెయ్యనీ పోనీ.

సెట్ సంగతికొస్తే, నేను మూడు వేల లోపే కొన్నా. 4 వాట్ల చిన్న చేతి సెట్టు, టూ మీటర్స్, సెవెంటీ సెంటీమీటర్స్ అనే రెండు ఫ్రీక్వెన్సీ బ్యాండ్లూ ఉంటాయి, 128 మెమరీలు, పైన ఒక టార్చి, లోపల ఎఫ్ఎం రేడియో కూడా. ఎఫ్ఎంలో పాట వింటుంటే ఛానెల్ మీద ఎవరైనా మాట్లాడగానే పాట ఆగిపోయి ఆ గొంతు వినిపిస్తుంది, అది భలే ఉంటుంది. పక్కనున్న ఆరెంజ్ బటన్ మాత్రం గట్టిగా పట్టుకోకండి, సైరన్ మోగుతుంది. రాత్రి పదకొండింటికి నేను అలాగే పట్టుకుంటే వీధిలో కుక్కలన్నీ లేచాయి.

మన మాటని అందుకుని మళ్ళీ దూరానికి పంపే స్టేషన్‌ని రిపీటర్ అంటారు, కీప్యాడ్ మీద దాని సెట్టింగులు పెట్టడం నరకం, మెనూ 13లో టోన్, 25లో షిఫ్ట్, 26లో ఆఫ్‌సెట్, 27లో సేవ్, మధ్యలో ఒక్కటి తప్పితే మళ్ళీ మొదటికి. చిర్ప్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకుని కంప్యూటర్ నుంచి పెట్టుకోండి. కాకపోతే కేబుల్ జాగ్రత్త, నేను ఒక ఆన్‌లైన్ షాపులో చవగ్గా దొరికిందని కొంటే లోపల డూప్లికేట్ చిప్, విండోస్ దాన్ని గుర్తే పట్టలేదు, రెండు ఆదివారాలు డ్రైవర్లతోనే సరిపోయింది. రిటర్న్ కూడా తీసుకోలేదు మహానుభావులు.

రేంజ్ ఎంత అని అందరూ అడుగుతారు. ఎదురుగా అడ్డు లేకపోతే ఎంతైనా, ఉంటే ఏమీ లేదు. మా సెల్లార్‌లో నిలబడితే పక్క వీధికే అందదు, అదే సెట్ పట్టుకుని భువనగిరి కోట ఎక్కితే ఉప్పల్‌లో ఉన్న ఫ్రెండ్ పక్కన కూర్చున్నట్టు మాట్లాడాడు. ఇంకోటి, అంతా ఒకే చిప్‌లో ఇరికించిన సెట్టు కాబట్టి పక్కన పెద్ద సిగ్నల్ ఏదైనా ఉంటే దీనికి చెవుడొచ్చేస్తుంది. 2004 సునామీ అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారు, వీయూ2ఆర్‌బీఐ, ఫోన్లు పడిపోయాక హ్యామ్ రేడియో మీద కబుర్లు అందించారు కదా, అది విని ఇది కొంటామంటే మాత్రం ఆగండి, సముద్రం దాటే ఆ పని చేసేవి హెచ్ఎఫ్ అనే షార్ట్‌వేవ్ సెట్లు, వాటి లెక్క వేరు, ఖర్చూ వేరే.

మరి ఇంత తిట్టి ఎందుకు ఉంచుకున్నావ్ అంటారా. మొన్న ఎండాకాలం సాయంత్రం డాబా మీదున్నా. యాంటెన్నా మొదట్లో 49 సెంటీమీటర్ల వైరు ముక్క ఒకటి తోకలా వేలాడదీశా, పైసా ఖర్చు లేని చిట్కా, సిగ్నల్ మాత్రం తేడా తెలుస్తుంది. స్పేస్ స్టేషన్ మన మీదుగా వెళ్ళే టైమ్ అది, అందులో హ్యామ్‌ల కోసం ఒక రిపీటర్ ఉంది, 145.990 మెగాహెర్ట్జ్ మీద 67 హెర్ట్జ్ టోన్‌తో మనం మాట్లాడితే 437.800 మీద కిందకి పంపిస్తుంది. అది పరుగెత్తుతూ ఉంటుంది కాబట్టి వచ్చేటప్పుడు 437.810 దగ్గర వినాలి, పోయేటప్పుడు 437.790, నేను ఐదు ఛానెళ్ళు వరసగా పెట్టుకుని మారుస్తూ పోయా. మొత్తం పది నిమిషాల్లోపే దాటిపోతుంది. బుస్సుమనే శబ్దంలోంచి ఉన్నట్టుండి ఫోర్ ఎస్ సెవెన్ అని ఒక గొంతు, అంటే శ్రీలంక! నా కాల్‌సైన్ చెప్పా, వినిపించిందో లేదో తెలీదు, ఈ సెట్లో మాట్లాడేటప్పుడు వినడం కుదరదు కదా. వదిలి చూస్తే ఆయన నా కాల్‌సైన్ అక్షరం అక్షరం తిరిగి చెప్తూ ఫైవ్ నైన్ అన్నాడు, అంటే బాగా వినిపిస్తోందని. చెయ్యి వణికింది, నిజంగా.

అమ్మ పక్కన వడియాలు తీస్తూ, "ఎవర్రా అది, ఫోన్ చేసుకోవచ్చుగా" అంది.

"ఫోన్ చేస్తే ఎవరెత్తుతారో ముందే తెలుసు కదమ్మా" అన్నా.

ఆవిడకి అది ఎక్కలేదు, చాట పట్టుకుని కిందికి వెళ్ళిపోయింది. ఐదుకి మూడున్నర ఇస్తా ఈ సెట్టుకి. ఎల్లుండి సాయంత్రం ఇంకో పాస్ ఉంది, ఆ లోపు బ్యాటరీ ఫుల్ చార్జ్ పెట్టాలి.