2 మి.మీ. ఫైన్‌స్కేల్: ఏళ్ల తరబడి కట్టిన తర్వాత నా సమీక్ష

బ్రిటన్‌లో రైలు మోడళ్లు కట్టేవాళ్లలో ఎక్కువమంది డబుల్ ఓ అనే సైజులోనే (1:76) కడతారు. ఇంట్లో చోటు చాలనివాళ్లు ఇంకా చిన్నదైన ఎన్ గేజ్ తీసుకుంటారు. నేను కట్టేది ఈ రెండూ కాదు, 2 మి.మీ. ఫైన్‌స్కేల్, అంటే పట్టాలు, చక్రాలు కూడా అసలు కొలతలకి దగ్గరగా ఉండే పద్ధతి. అసలు రైల్లో ఒక అడుగు మోడల్లో 2 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే సుమారు 1:152. ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాక మొదలుపెట్టి ఇప్పటికీ కడుతూనే ఉన్నాను. పెట్టె విప్పి పట్టాల మీద పెడితే పరుగెత్తే సరుకు ఇందులో దాదాపు దొరకదు. అందుకే ఫలానా ఇంజన్ బాగుందా అని కాకుండా, ఈ పద్ధతి మొత్తం ఎలా ఉందో చెబుతాను.

ముందు గేజ్ సంగతి. బ్రిటన్‌లో పట్టాల మధ్య అసలు దూరం 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, అంటే 1,435 మి.మీ. డబుల్ ఓలో ఇంజన్ 1:76 అయినా పట్టాల మధ్య 16.5 మి.మీ. మాత్రమే ఉంటుంది. అసలు కొలతకి లెక్క కడితే ఏడు అంగుళాలు ఇరుకు. బ్రిటిష్ ఎన్ గేజ్ 1:148, దాని పట్టాల మధ్య 9 మి.మీ., నాలుగు అంగుళాలు ఇరుకు. 2 మి.మీ. ఫైన్‌స్కేల్‌లో 9.42 మి.మీ., లెక్క సరిగ్గా సరిపోతుంది. కాగితం మీద ఎన్‌కీ దీనికీ తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. రైలుకి ఎదురుగా కళ్లు దించి చూస్తే మాత్రం ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ స్కేల్‌లో నన్ను కట్టిపడేసింది పట్టాలే. ఎన్ గేజ్‌లో చాలాకాలం మామూలుగా వాడిన కోడ్ 80 పట్టా ఎత్తు 2 మి.మీ. అసలు కొలతకి మారిస్తే అది అడుగు ఎత్తు పట్టా! ఆవిరి కాలపు నిజం పట్టా ఆరంగుళాలు కూడా ఉండదు. మేం వాడే కోడ్ 40 బుల్‌హెడ్ (బ్రిటన్ పాత రకం) పట్టా ఎత్తు మిల్లీమీటరే. ఈ స్కేల్‌లో కట్టేవాళ్ల సంఘం టూ ఎంఎం స్కేల్ అసోసియేషన్ ఈజీట్రాక్ అని ప్లాస్టిక్ స్లీపర్లు అమ్ముతుంది. పట్టాని స్లీపర్‌కి పట్టి ఉంచే చెయిర్లు వాటితో పాటే అచ్చు పోసి ఉంటాయి, పట్టాని ఒక చివర నుంచి వాటిలోకి తోసుకుంటూ పోవాలి. పట్టా చివర ఫైల్‌తో కొంచెం గుండ్రంగా చేస్తే చెయిర్లు విరగవు. రంగు వేసి, సన్నటి కంకర పోశాక ఫొటో తీసి చూపిస్తే ఇది ఎంత చిన్నదో చాలామంది పోల్చుకోలేరు. నా దృష్టిలో పెట్టిన డబ్బుకి, శ్రమకి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ పట్టాల పనే.

పాయింట్లు, అంటే ఒక లైను రెండుగా చీలే చోట్లు మాత్రం నేను చేత్తోనే కడతాను. టెంప్లాట్ సాఫ్ట్‌వేర్‌లో డ్రాయింగ్ గీసి, ప్రింట్ తీసి, దాని మీద రాగి పూత ఉన్న స్లీపర్లు అతికించి, పట్టాల మధ్య దూరం నిలిపే గేజ్‌లనే పనిముట్లు పెట్టి పట్టాలు సోల్డర్ చేయాలి. రెండు పట్టాలు కలిసే వీ ముక్కని ఫైల్‌తో కోణానికి అరగదీయాలి. ఆ తర్వాత ప్రతి స్లీపర్ మీదా రాగి పూతని గీరి తెంపాలి, లేకపోతే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మల్టీమీటర్ పక్కనే పెట్టుకుని ఒక్కో స్లీపర్‌ని చూసుకుంటూ వెళ్లడం మేలు. చక్రం అంచు దూరి వెళ్లే సందు ఇక్కడ అర మిల్లీమీటరే. ఎన్ గేజ్‌లో సందు వెడల్పు కాబట్టి, వీ దగ్గర చక్రం కిందికి జారి వ్యాగన్ ఒక్కసారి కుదుపుతుంది. బాగా కట్టిన ఫైన్‌స్కేల్ పాయింట్ మీద ఆ కుదుపు ఉండదు. పది వ్యాగన్ల గూడ్స్ నెమ్మదిగా పాయింట్ దాటుతుంటే చూడటం నాకు ఇప్పటికీ విసుగు పుట్టదు.

వ్యాగన్లు కట్టడం తేలిక. మొదలుపెట్టేవాళ్లు ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. 16 టన్నుల బొగ్గు వ్యాగన్ పొడవు 33 మి.మీ. వస్తుంది. ఒక సాయంత్రంలో చట్రం మడిచి, సోల్డర్ చేసి, చక్రాలు ఎక్కించొచ్చు.

ఇంజన్ల దగ్గరే అసలు కష్టం. డీజిల్ ఇంజన్లకి దగ్గరి దారి ఉంది: గ్రాహం ఫారిష్ బ్రాండు ఎన్ గేజ్ ఇంజన్ కొని, చక్రాలు తీసేసి, అసోసియేషన్ అమ్మే చక్రాలు బిగిస్తే చాలావరకు పని అయిపోతుంది. బాడీ 1:148, మన స్కేల్ 1:152 అయినా ఆ చిన్న తేడా కంటికి తగలదు. ఆవిరి ఇంజన్‌కి అంత తేలిగ్గా కుదరదు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 5700 తరగతి పానియర్ ట్యాంక్‌నే (బాయిలర్‌కి రెండు పక్కలా నీళ్ల ట్యాంకులు వేలాడే ఇంజన్) తీసుకోండి. 1929 నుంచి 1950 దాకా 863 కట్టారు, ఎక్కడ చూసినా కనిపించిన ఇంజన్. దాని చక్రం 4 అడుగుల ఏడున్నర అంగుళాలు, మన దగ్గర 9.25 మి.మీ. చట్రాన్ని నిలువునా రెండు భాగాలుగా, ఒకదానికొకటి కరెంటు తగలకుండా కట్టాలి. ఎడమ పట్టా కరెంటు ఎడమ చట్రంలోకి, కుడి పట్టాది కుడి చట్రంలోకి చక్రాల ద్వారానే వెళ్తుంది, చక్రాలకి రాసుకునే తీగలు విడిగా అక్కర్లేదు. ఇరుసు కూడా రెండు ముక్కలే, మధ్యలో మఫ్ అనే ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. చక్రాలని కలిపే కడ్డీ తగిలే క్రాంక్ ఒక పక్కది రెండో పక్కదానికి 90 డిగ్రీల తేడాలో ఉండాలి, ఆ తేడా మూడు ఇరుసులకీ ఒకేలా రావాలి. దీన్నే క్వార్టరింగ్ అంటాం. ఏ ఒక్క ఇరుసు కొంచెం తప్పినా ఇంజన్ కుంటుతుంది. చక్రాలు ఎన్నిసార్లు విప్పితే మఫ్ పట్టు అంత సడలుతుంది, కాబట్టి బిగించే ముందే అన్నీ సరిచూసుకోవాలి. చక్రాలు సరిగ్గా కూర్చునేదాకా టెన్షనే.

అంత శ్రమ పడ్డాక ఆ ఇంజన్ నడిచే తీరు అద్భుతంగా ఉంటుంది. 30:1 వార్మ్ గేర్ (మోటారు వేగం తగ్గించే మరచుట్ల గేర్), చిన్న కోర్‌లెస్ (లోపల ఇనుప కోర్ లేని) మోటారు, బాడీలో ఖాళీ ఉన్నచోటల్లా సీసం బరువు, ఇవి కుదిరితే మనిషి నడక వేగంతో షంటింగ్ చేస్తుంది. కోర్‌లెస్ మోటారుకి ఫీడ్‌బ్యాక్ రకం (మోటారు వేగం చూసి కరెంటు సర్దే) కంట్రోలర్ వాడకండి, మోటారు వేడెక్కి పాడవుతుంది. వ్యాగన్లని కలిపే కప్లింగ్‌గా నేను డీజీ అనే రకం వాడుతున్నాను. పట్టాల కింద ఎలక్ట్రోమాగ్నెట్ పెడితే చెయ్యి పెట్టకుండానే వ్యాగన్ విడిపోతుంది. విడిపోయిన వ్యాగన్‌ని మళ్లీ తగులుకోకుండా ఇంకొంత దూరం నెట్టుకుంటూ కూడా పోవచ్చు.

చోటు విషయంలో ఈ స్కేల్‌కి పూర్తి మార్కులు. వెయ్యి అడుగుల స్టేషన్ యార్డ్ డబుల్ ఓలో 4 మీటర్లు, ఇందులో 2 మీటర్లు. నేను కట్టుకున్నది డెవన్‌లోని యాష్‌బర్టన్ తీరులో ఊహించిన ఒక చిన్న చివరి స్టేషన్. యాష్‌బర్టన్ లైను 1872లో తెరిచారు. మొదట 7 అడుగుల బ్రాడ్‌గేజ్, 1892లో మామూలు గేజ్‌కి మార్చారు. ప్రయాణికుల రైళ్లు 1958లో ఆగిపోయాయి. ప్లాట్‌ఫారం మీద రైలుని కప్పేసే చెక్క షెడ్డు దాని గుర్తు. పెద్ద స్కేల్‌లో కట్టి ఉంటే స్టేషన్ మాత్రమే పట్టేది. ఇందులో వెనక పొలాలు, వాగు, గుట్ట ఎక్కే దారి కూడా పట్టాయి. రైలు ఒక ఊళ్లోంచి వెళ్తున్నట్టు కనిపించేది అందుకే. ఈ బలాన్ని గొప్పగా వాడుకున్న లేఅవుట్ లండన్‌లోని మోడల్ రైల్వే క్లబ్ వాళ్ల కోపెన్‌హేగెన్ ఫీల్డ్స్. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌కి ఉత్తరాన ఉన్న ప్రాంతాన్ని వీధులతో, పాత పశువుల సంత గడియార స్తంభంతో సహా కట్టారు. వెనక్కి వెళ్లేకొద్దీ ఇళ్ల స్కేల్ తగ్గిస్తూ పోయారు కాబట్టి ఊరు చాలా దూరం ఉన్నట్టు కనిపిస్తుంది. ఎగ్జిబిషన్‌లో కనబడితే వదలొద్దు.

లోపాలు కూడా చెప్పాలి. దుమ్ము చిన్న ఇంజన్‌కి పెద్ద శత్రువు, నడిపే ప్రతిసారీ ముందు పట్టాలు తుడవాల్సిందే. అటకగదిలో పెడితే ఎండాకాలం వేడికి పట్టాలు సాగుతాయి, మధ్యమధ్యలో సందులు వదలాలి, బోర్డులు కలిసేచోట పట్టాల్ని గట్టిగా సోల్డర్ చేసి నిలపాలి. వంపులు విశాలంగా ఉండాలి, నేను రెండడుగుల కంటే తక్కువ రేడియస్ పెట్టను. మంచి లైటు, తలకి తగిలించుకునే భూతద్దం తప్పనిసరి. అసోసియేషన్ సరుకు సభ్యులకే అమ్ముతారు, కాబట్టి ముందు సభ్యత్వం తీసుకోవాలి. 1960 నుంచి నడుస్తున్న సంఘం, కొత్తవాళ్లకి ఓపిగ్గా నేర్పుతారు.

రేపే రైలు తిప్పాలనుకుంటే ఇది మీకు వద్దు. 2022లో పీకో, హార్న్‌బీ కంపెనీలు మొదలుపెట్టిన టీటీ:120 చూడండి. 1:120కి 12 మి.మీ. గేజ్ సరిగ్గా సరిపోతుంది, రెడీమేడ్ కూడా. కట్టడమే ఇష్టమైతే 2 మి.మీ.కి రండి. మన దేశపు అయిదున్నర అడుగుల బ్రాడ్‌గేజ్ కూడా ఈ స్కేల్‌లో సరిగ్గా 11 మి.మీ. వస్తుంది. చక్రాలు, గేజ్‌లు సొంతంగా చేసుకోవాలి, కానీ పట్టా, సోల్డరింగ్ పద్ధతి అవే. ముందు ఒక అడుగు పొడవు ఈజీట్రాక్, ఒక వ్యాగన్ కిట్ తెప్పించుకోండి. అవి నచ్చితే పాయింట్ కట్టండి, ఆవిరి ఇంజన్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.