మా కారుకి కొన్న వరద సంచి

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ సింగ్ నగర్‌లో మా వీధిలోకి వచ్చినప్పుడు నేనూ మా ఆయనా ముందు కింద కొట్లో ఉన్న నా కుట్టుమిషన్లు పైకి మోశాం. కారు గుర్తొచ్చేసరికి నీళ్ళు సీట్లదాకా వచ్చేశాయి. వారం పైన అది అలాగే నానింది. నీళ్ళు తీశాక మా ఆయన తాళం తిప్పబోతే వీధి చివరి మెకానిక్ పరిగెత్తుకొచ్చి ఆపాడు. "ఇంజిన్లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది బావా, ఇన్సూరెన్సు వాళ్ళు కూడా ఇంజిన్ డబ్బులు ఇవ్వరు" అన్నాడు. ఆ మాట విన్నాం కాబట్టి క్లెయిమ్‌కి ఇబ్బంది రాలేదు. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన కారు విలువలో 75 శాతం దాటడంతో కారు మొత్తం పోయినట్టే లెక్కగట్టి టోటల్ లాస్ కింద తేల్చారు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి పాత కారు ఇంకోటి కొన్నాం.

దానికోసమే, వరద నీళ్ళు తగలకుండా కారు మొత్తాన్ని లోపల పెట్టే ఈ సంచి. 13,500 రూపాయలు పెట్టి ఆన్‌లైన్లో తెప్పించాను. మందంగా లారీ పట్టాలా ఉంటుంది. నేల మీద పరిచి, కారుని దాని మీదికి ఎక్కించి, పై భాగం కప్పి, మూడు వైపులా జిప్పు వేయాలి.

నేను ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను కాబట్టి ముందు అతుకులే చూశాను. సూదితో కుట్టి ఉంటే ప్రతి రంధ్రం నుంచీ నీళ్ళు వస్తాయి. ఇది కుట్టలేదు, వేడితో అతికించారు. అతుకు దగ్గర రెండు చేతులా పట్టి లాగినా విడిపోలేదు. ఒక మూల పైకి కట్టి, రెండు బకెట్ల నీళ్ళు పోసి, కింద పేపరు పరిచి రాత్రంతా వదిలేశాను. తెల్లారి చూస్తే పేపరు పొడిగానే ఉంది. జిప్పు మీద కూడా అలాగే చూస్తే, రన్నర్ ఆగే చివర మాత్రం బొట్టుబొట్టుగా కారింది. కొవ్వొత్తి మైనం రుద్దితే తగ్గింది కానీ ఆగలేదు. ఆ చివర హెడ్‌లైట్ ఎత్తులో వస్తుంది. అంటే రెండు, రెండున్నర అడుగుల నీళ్ళ వరకే నాకు ఈ సంచి మీద నమ్మకం.

2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వస్తోందనగానే మొదటిసారి కారుని ఇందులో పెట్టాం. ఇద్దరికీ కలిపి ముప్పావు గంట పట్టింది. సైలెన్సర్ చల్లారేదాకా జిప్పు వేయకూడదు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేశాం. మా వీధిలో నీళ్ళు చీలమండ దాటలేదు కాబట్టి అసలు పరీక్ష జరగలేదు. మూడో రోజు తెరిస్తే అద్దాల లోపల ఆవిరి పట్టి, ముక్కిపోయిన వాసన వచ్చింది. తప్పు మాదే, తడిసిన కారుని తుడవకుండా పెట్టాం.

అమ్మేవాళ్ళు పెద్ద అక్షరాలతో చెప్పాల్సింది ఒకటుంది. సంచిలో పెట్టిన కారు అడుగు, అడుగున్నర నీటికే పడవలా తేలుతుంది. నాలుగు వైపులా తాళ్ళతో స్తంభాలకి కట్టాలి. తాళ్ళు ఇచ్చారు, కానీ ఎంత వదులు ఉంచాలో చెప్పలేదు. మరీ బిగిస్తే కొక్కేల దగ్గర సంచి చిరుగుతుంది, వదిలేస్తే కారు పోయి గోడకి కొట్టుకుంటుంది. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ అయితే పైన స్లాబు కూడా ఉంటుంది. ఆ సెప్టెంబర్‌లో వచ్చినన్ని నీళ్ళొస్తే కారు తేలి పైకెళ్ళి దూలానికి తగులుతుంది. అంత వరదకి ఈ సంచి పనికిరాదు.

ఐదుకి మూడు ఇస్తాను. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు నిలిచే వీధివాళ్ళు కొనుక్కోవచ్చు. బుడమేరు పక్కన ఉన్నవాళ్ళు మాత్రం భారీ వర్షం హెచ్చరిక రాగానే, ఇంకా వెలుతురు ఉండగానే, కారుని ఎత్తు మీద ఉన్న బంధువుల ఇంటికి తీసుకెళ్ళండి. చెన్నై వేళచ్చేరిలో ఫ్లైఓవర్ మీద పెట్టుకుంటారు. మా సింగ్ నగర్ ఫ్లైఓవర్ మీద నేను పెట్టను. 2024 వరదలో పడవలూ భోజనాల బళ్ళూ వచ్చిన దారి అదే. మొగల్రాజపురం కొండ వైపు మా చెల్లెలి ఇంటి ముందు జాగా అడిగి ఉంచాను.

సంచిని ఆరబెట్టి, ఎలుకలు కొరక్కుండా రేకు పెట్టెలో పెట్టాను. జూన్ రాగానే తీసి, జిప్పుకి మైనం రుద్ది, మళ్ళీ రెండు బకెట్లు పోసి చూస్తాను.