పన్నెండు గుంటల బీడు, చిన్న ట్రాక్టరు, ఒంటి రెక్క నాగలి: మా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఇంటి వెనక బీడు పడిన నేలను తోట చేద్దామనుకునేవాళ్లు మొదటి రోజే రోటవేటర్ (ట్రాక్టరు వెనక గిర్రున తిరిగే కత్తులతో మట్టిని పిండి చేసేది) పిలవకండి. నాగలి ఉన్నవాడిని వెతికి పట్టుకోండి. నేను పోయినేడు మొదటి పని చేసి డబ్బులు పోగొట్టుకున్నా, ఈ ఏడు రెండోది చేశా.

మాది దేవరకొండ వైపు ఊరు. ఇంటి వెనక పన్నెండు గుంటలు, అంటే ఆంధ్రావాళ్ల లెక్కలో ముప్పై సెంట్లు, ఎర్ర చల్క (ఇసుక కలిసిన ఎర్ర నేల). మామయ్య ఉన్నప్పుడు కందులు, బొబ్బర్లు వేసేవారట. ఆయన పోయాక ఏడెనిమిదేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. గరిక చాప పరిచినట్టు అల్లుకుపోయింది, మధ్యమధ్య వయ్యారిభామ, నీళ్లు నిలిచే మూలలో తుంగ, గోడ పక్కన ఎప్పుడో కొట్టేసిన సర్కారు తుమ్మ మొద్దులు రెండు. కూరగాయలు మనమే పండించుకుందాం అంటే అత్తమ్మ నవ్వి, "ముందు ఆ గరికను అడుగు, ఒప్పుకుంటదేమో" అంది.

పోయినేడు సంగతి తొందరగా చెప్పి వదిలేస్తా, తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. పెద్ద ట్రాక్టరు వచ్చింది, గేటులో పట్టలేదు, పక్క గోడ రెండడుగులు కూల్చాం. రోటవేటర్ వేశాడు. గంటలో నేలంతా జల్లెడ పట్టిన పిండిలా అయిపోయింది, నేను మురిసిపోయి ఫోటో తీసి మా అక్కకు కూడా పంపా. తొలకరి పడ్డ మూడు వారాలకు చూస్తే నేల కనపడితే ఒట్టు! గరిక కాడకు కణుపు కణుపునా వేరు పడుతుంది కదా, ఆ కత్తులు కాడల్ని బెత్తెడు ముక్కలుగా నరికి మట్టిలో సమానంగా కలిపి పోయాయి, ప్రతి ముక్కా ఒక మొక్కైంది. 1,400 ఇచ్చి గరిక నాటించుకున్నానన్నమాట. పైగా పైన నాలుగు అంగుళాలే మెత్తన, దాని కింద గడ్డపార వేస్తే ఠంగుమంటోంది. వంకాయ నారు పెడితే వేరు దిగక ఎండలకు వడిలిపోయింది.

ఈసారి పిలిచింది పక్క ఊరి కుర్రాడిని. బత్తాయి తోటల్లో చెట్ల వరసల మధ్య దున్నడానికని మినీ ట్రాక్టరు కొన్నాడు, ఇరవై హెచ్‌పీ పైచిలుకు, నాలుగు చక్రాలూ లాగే రకం. వెడల్పు నాలుగడుగుల లోపే కాబట్టి మా గేటులోంచి గీత పడకుండా దూరింది. బరువు టన్ను లోపే ఉంటుందట, పెద్దది రెండు టన్నుల దాకా తూగుతుంది, తోట నేల మీద ఆ తేడా చిన్నదేం కాదు. మట్టిని బోర్లా తిప్పే ఒంటి రెక్క నాగలి, మట్టిని గీరే ఐదు పళ్ల గొర్రు, చిన్న రోటవేటర్, మూడూ అతని దగ్గరే ఉన్నాయి. ఏది తగిలించినా గంటకు 900.

ఫోన్ చేయగానే రేపే వస్తానన్నాడు. నేనే వద్దన్నా. అది ఏప్రిల్ చివర, నేల రాయిలా ఉంది, ఎండిన చల్కలో నాగలి దిగదు, పైపైన గీరుకుంటూ పోతుంది, మనకు గంటలు పెరుగుతాయి. మే నడిమిలో ఒక రాత్రి గాలివాన బాగా కొట్టింది. రెండు రోజులు ఆగి మూడో రోజు పొద్దున రమ్మన్నా. జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ముద్ద చేస్తే ముద్ద కావాలి, బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి, అదీ పదును. ముద్ద వేలికి అంటుకుంటే ఇంకో రోజు ఆగాలి, లేకపోతే దున్నిన పెళ్లలు ఎండి ఇటుకలవుతాయి. నాకు ఇది చెప్పింది అత్తమ్మే, ఏ వీడియో చూసీ నేర్చుకోలేదు.

అబ్బాయి పనివాడే. అయితే మొదటి చాలు మాత్రం నవ్వులపాలైంది, కర్రు గరిక చాప మీద జారుకుంటూ పోయిందే తప్ప లోపలికి దిగలేదు. అతను బండి దిగి, నాగలిని ట్రాక్టరుకు పట్టి ఉంచే పై లింకు రాడ్డును రెండు చుట్లు బిగించాడు. అది పొట్టిదైతే నాగలి ముక్కు కిందికి వంగుతుంది. రెండోసారి కర్రు దిగిన చప్పుడు వేరే, పాత గోనెసంచిని బర్రున చింపినట్టు. చాప మొత్తం పట్టీలాగా లేచి, రెక్క మీద ఎక్కి, కుడివైపుకు బోర్లా పడింది. పచ్చటిది కిందికి, ఎర్రటిది పైకి, తెల్లటి గరిక వేళ్లు ఆకాశం చూస్తూ. పోయినేడు పిండి కంటే ఇది చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, కానీ ఇదే కావాల్సింది.

రెండో చాలు నుంచి కుడి చక్రాలు ముందటి చాలులో నడవాలి, అప్పుడు బండి ఒక పక్కకు ఒరుగుతుంది, దానితోపాటు నాగలీ ఒరుగుతుంది. అతను నాగలిని ఎత్తి పట్టే కుడి చేతి లిఫ్టు రాడ్డును పిడి తిప్పి కాస్త పైకి తీసి నాగలిని మళ్లీ మట్టానికి తెచ్చాడు. ఈ ఒక్క పని చేయని డ్రైవర్ల దుక్కి ఒక చాలు లోతు, ఒక చాలు తేలిగ్గా, మెట్లు మెట్లుగా ఉంటుంది. మీరు పిలిచినవాడు ఆ పిడి ముట్టుకుంటాడో లేదో చూస్తే పనితనం అక్కడే తెలిసిపోతుంది.

వెనకాలే గోరింకలు, మా కోళ్లు బారులు తీరాయి. వేరుపురుగులు కాబోలు, తెల్లగా, వేలంత లావు, సగం తిరిగిన అర్ధచంద్రంలా ముడుచుకుని ఉన్నాయి, మట్టి తిరగబడ్డ క్షణంలో మాయం.

ఇక లోపాలు. ఒకటి, సర్కారు తుమ్మ వేరు సంగతి నేను ముందే చూపించినా తొందరలో దాని మీదికే పోయాడు. టప్పున నాగలి బోల్టు తెగింది. అది తెగడానికే పెట్టిన బోల్టు, నాగలి వంగకుండా కాపాడుతుంది, దానికి నేనేం అనను. కానీ బండి తెచ్చేవాడు జేబులో రెండు స్పేర్లు పెట్టుకోడా? బైకు మీద పోయి తెచ్చేసరికి గంట పోయింది, పదును మీది నేల ఎండకు ఆరిపోతుంటే నాకు ఒకటే టెన్షన్. రెండు, పక్కింటి పిల్లాడు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చుంటే ఏమీ అనలేదు, నేను అరిచి దింపించా. ఇలాంటి ఎగుడుదిగుడు నేలలో, వెనక నాగలి ఉన్న బండి మీద పిల్లలేంటి?

మూడోది అలవాటు. లోతు ఎంత ఎక్కువైతే అంత గొప్ప అనుకుంటాడు. ఆరేడు అంగుళాలు బాగానే వచ్చింది, గోడ వైపు మాత్రం "అక్కా చూడు, ఎట్లా దిగుతుందో" అంటూ ఇంకా దించాడు. పైకి వచ్చింది ఏంటి? మొరం, అంటే గులకరాళ్ల గరుకు మట్టి. మా చల్కలో మంచి మట్టి అడుగు లోతు కూడా ఉండదు కొన్నిచోట్ల. ఆపించి హైడ్రాలిక్‌తో నాగలిని పైకి తీయించా గానీ అప్పటికే నాలుగు చాళ్లు తెల్లటి మొరం పైకి తేలింది. అక్కడ ఈ ఏడు జనుము తప్ప ఏదీ వేయలేదు.

బిల్లు దగ్గర చిన్న గొడవ. దున్నిన సమయం రెండు గంటల పది నిమిషాలు, నేను ఫోన్‌లో చూసుకుంటూనే ఉన్నా. అతను ఇంటి దగ్గర స్టార్ట్ చేసినప్పటి నుంచి, బోల్టు కోసం పోయిన గంటతో సహా, నాలుగు గంటలు అన్నాడు. బోల్టు గంట నాది కాదన్నా. దారి ఖర్చు కింద అరగంట ఒప్పుకున్నా. చివరికి 2,400 దగ్గర తెగింది. మాటల్లోనే తేలిపోయింది కాబట్టి సరిపోయింది, మీరు మాత్రం గంట ఎక్కడి నుంచి లెక్క అనేది ఫోన్‌లోనే అడగండి.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు ఆ నేలను ముట్టుకోలేదు. రోహిణి కార్తె ఎండలు ఊరికే పోకూడదు. బోర్లా పడ్డ గరిక వేళ్లు ఎండి పీచులా అయ్యాయి, చేత్తో విరిస్తే పటుక్కుమన్నాయి. అప్పుడు మళ్లీ పిలిచి గొర్రు అడ్డంగా తోలించా, ముప్పావు గంట కూడా పట్టలేదు గానీ కనీసం గంట డబ్బులు తీసుకుంటాడు. గొర్రు పళ్లకు చుట్టుకుని పైకి వచ్చిన గడ్డిని నేను, అత్తమ్మ ఇద్దరం ఇనుప పళ్ల దంతెతో గుంజి ఒక పక్క పోగేశాం, మూడు కుప్పలైంది. మృగశిరలో వాన పడ్డాక రెండు ట్రక్కుల పశువుల ఎరువు చల్లించి, అప్పుడు, అప్పుడు మాత్రమే, రోటవేటర్ ఒక్కసారి. ఇదీ గంట కిందే. ఎరువు ఖర్చు వదిలేస్తే దున్నకానికి మొత్తం 4,200 అయింది. పోయినేడు కంటే మూడు రెట్లు, నిజమే. పోయినేడు ఒక్క బెండకాయ తినలేదు, అదీ నిజమే.

ఇప్పుడు ఆగస్టు. బెండ, గోరుచిక్కుడు, సొర, తోటకూర ఉన్నాయి. గడ్డపార ఒక్క పోటుకు జానెడు దిగుతోంది. గరిక అక్కడక్కడ తలెత్తుతోంది, కానీ గుప్పెడు గుప్పెడుగా, పట్టి లాగితే వేరుతో సహా వస్తుంది. తుంగ మీద మాత్రం నాగలి ఏమీ చేయలేకపోయింది, దాని గడ్డలు లోపల అట్లాగే ఉన్నాయి, ఆ మూల పచ్చగా నవ్వుతోంది. గోడల పొంటి మూడు నాలుగు అడుగులు బండి తిరగదు, అది మనిషి తవ్వుకోవాల్సిందే, మాకు కూలి ఇద్దరికి ఒక పూట పట్టింది. అంచుల నుంచి చుట్టూ దున్నుకుంటూ వచ్చాడు కాబట్టి సరిగ్గా నడుమ ఒక లోతు చాలు మిగిలింది, మొదట తిట్టుకున్నా గానీ డ్రిప్ పెద్ద పైపు అందులోనే వేసేశాం.

నాలుగైదు గుంటలే ఉంటే మనుషులతో తవ్వించుకోండి, బండి తిరగడానికే సగం జాగా పోతుంది. ఎకరం దాటితే, గేటు సమస్య లేకపోతే, పెద్ద ట్రాక్టరుకు రెండు రెక్కల నాగలి తగిలించేవాడు చవకగా పడతాడు. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లకు ఈ చిన్న బండి సరిపోతుంది. అయిదుకు నాలుగు ఇస్తా, ఒకటి ఆ బోల్టుకు కోసుకున్నా.

వచ్చే మే నెలకు గోడ అవతలి ఎనిమిది గుంటలకూ అతనికే చెప్పి పెట్టా. బోల్టులు రెండు నేనే కొని కిటికీ మీద పెట్టుకున్నా.